తీర్పుతో పాటు ఒక పేజీ తెలుగులో ఇప్పించండి

గౌరవనీయులైన తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి గారికి, న్యాయమూర్తులందరికీ

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఒక అడ్వకేట్ ఆఫీసులో గుమస్తాని. బండిల్స్ కట్టడం, ఫైలింగ్ కౌంటర్ దగ్గర నిలబడడం, ఆబ్జెక్షన్లు సరిచేయించడం, కాపీ అప్లికేషన్ పెట్టడం, ఆ రోజు విచారణకు వచ్చే కేసుల జాబితా, అదే కాజ్ లిస్టు, రాగానే మా నంబర్లు వెతకడం నా పని. నేను లా చదవలేదు. కానీ తీర్పు వచ్చిన రోజు కక్షిదారుడికి ఫోన్ చేసి సంగతి చెప్పేది చాలాసార్లు నేనే. ఆ కాసేపటి మాటల్లో నాకు కనబడేదే ఈ లేఖ రాయిస్తోంది.

మీ ముందు పెట్టే విన్నపం ఒక్కటే. హైకోర్టు తీర్పు చెప్పినప్పుడు, లేదా కక్షిదారుడు పాటించి తీరాల్సిన మధ్యంతర ఉత్తర్వు ఇచ్చినప్పుడు, దానితో పాటు తెలుగులో ఒక పేజీ ఇప్పించండి. గొడవ దేని గురించి, కోర్టు ఏం తేల్చింది, ఎందుకలా తేల్చింది, ఇప్పుడు ఆ మనిషి ఏం చేయాలి, ఏం చేయకూడదు, ఎన్ని రోజుల్లోపు చేయాలి అన్నవి ఉంటే చాలు. తీర్పు ఇంగ్లీషులోనే ఉండనివ్వండి. వాదనలూ ఇంగ్లీషులోనే సాగనివ్వండి. ఆ పెద్ద చర్చ వేరు, దాని గురించి కింద చెబుతాను.

కాపీ చేతికి రాకముందే అందరూ అడిగే మాట, "సారూ, గెల్సినమా?" అని. అవుననో కాదనో చెప్పి ఫోన్ పెట్టేయడం నాకు కష్టం కాదు. కానీ హైకోర్టు నుంచి వచ్చే ఆర్డర్లలో చాలావాటికి ఆ రెండు జవాబులూ సరిపోవు. సగమే గెలుపు ఉంటుంది. గడువు పెట్టిన గెలుపు ఉంటుంది. కింది కోర్టుకు తిరిగి పంపిన కేసు ఉంటుంది. ఎవరిది న్యాయమో తేల్చకుండానే ముగించిన పిటిషన్ ఉంటుంది. ఆన్‌లైన్‌లో చూస్తే వీటన్నిటికీ 'డిస్పోజ్డ్', అంటే ముగిసింది, అనే కనిపిస్తుంది. ఫోన్‌కు వచ్చే మెసేజ్ కూడా ఇంగ్లీషే. ఊళ్లో డిగ్రీ చదివిన పిల్లవాడికి చూపిస్తే, "కేసు అయిపోయింది నాయినా" అంటాడు. నష్టం అక్కడ మొదలవుతుంది.

క్రిమినల్ పిటిషన్ల సంగతి ముందు చెబుతాను, దెబ్బ త్వరగా తగిలేది అక్కడే కాబట్టి. కోడలు 498ఏ కింద, అంటే అత్తింటి వేధింపుల సెక్షన్ కింద, కేసు పెట్టిందనుకోండి. అత్తామామలు, ఆడబిడ్డ, మరిది, అందరి పేర్లూ ఎఫ్‌ఐఆర్‌లో ఉంటాయి. కేసు కొట్టేయమని అందరూ కలిసి హైకోర్టుకు వస్తారు. ఇదివరకు పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం సీఆర్‌పీసీ 482 కింద వచ్చేవారు, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 528 కింద వస్తున్నారు. ఇలాంటి పిటిషన్ మొదటి విచారణలోనే ముగిసిపోవడం మామూలే. ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరాలు కాబట్టి పోలీసులు అరెస్టు చేయకుండా విచారణకు పిలిచే 41ఏ నోటీసు ఇచ్చి, 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతి పాటించాలని ఆర్డర్ వస్తుంది. ఆ 41ఏ ఇప్పుడు 35(3) అయింది. అంటే ఆ కుటుంబానికి తొందరపాటు అరెస్టు నుంచి రక్షణ దొరికింది. కేసు మాత్రం అలాగే ఉంది.

వాళ్లకు అర్థమయ్యేది వేరు. "హైకోర్టుల మనకు ఆర్డర్ వచ్చింది" అని ఊరంతా చెప్పుకుంటారు. పోలీసులు నోటీసు తెస్తే, హైకోర్టు కొట్టేసిన కేసుకు నోటీసు ఏందని తీసుకోరు. ఛార్జిషీటు పడుతుంది. సమన్లు పాత అడ్రసుకు పోతాయి. వాయిదాకు ఎవరూ రారు. అరవై దాటిన ఒక పెద్దాయన నాన్‌బెయిలబుల్ వారెంటు ఇంటికొచ్చే దాకా తన మీద కేసు లేదనుకునే ఉన్నాడు. హైకోర్టు ఆర్డర్ ఆయన దగ్గరే ఉంది, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని భద్రంగా దాచుకున్నాడు. పోలీసులకు అదే తీసి చూపించాడు. అందులో ఉన్నది ఆయనకు పనికొచ్చే మాటలే, ముందే చదవగలిగి ఉంటే. "మీ మీద ఉన్న కేసు కొట్టేయలేదు. పోలీసులు నోటీసు ఇస్తే తీసుకుని విచారణకు వెళ్లండి. వెళ్లకపోతే అరెస్టు చేసే వీలుంది." ఈ మూడు వాక్యాలు తెలుగులో ఉండి ఉంటే ఆయన ఆ రాత్రి స్టేషన్‌లో గడిపేవాడు కాదు.

తప్పు ఆయన వకీలుదని అనేయడం తేలిక. నిజమే, చెప్పాల్సిన బాధ్యత వకీలుదే. కానీ ఒక బెంచీ ముందు ఒక్క రోజు లిస్టు ఎంత పొడవు ఉంటుందో మీకు తెలియనిది కాదు. ఒక హాలు నుంచి ఇంకో హాలుకు పరుగెత్తే వకీలు కక్షిదారుడికి చెప్పగలిగేది ఒక్క ముక్క. ఆ ముక్క గుమస్తా చెవిన పడి, ఊళ్లో ఒకరి చెవిన పడి, అసలు మనిషిని చేరేసరికి ఇంకేదో అవుతుంది. నోటి మాట మీద మాత్రమే ఆధారపడే ఏర్పాటులో వకీలు ఎంత మంచివాడైనా ఈ ప్రమాదం పోదు.

స్టేటస్ కో ఆర్డర్లది ఇంకో బాధ. భూమి మీద యథాతథ స్థితి అని ఉత్తర్వు వస్తుంది. ఏ తేదీ నాటి స్థితి? దున్నుకుంటున్నవాడు దున్నుకోవచ్చా? పునాది దాకా కట్టిన గోడ అక్కడే ఆపాలా? అమ్మకం అగ్రిమెంటు రాసుకోవచ్చా? ఉత్తర్వులో కొన్నిసార్లు వివరంగానే ఉంటుంది, కానీ ఇంగ్లీషులో. రెండు వైపుల వాళ్లూ అదే కాపీ పట్టుకుని స్టేషన్‌కు పోతారు. ఇద్దరూ కోర్టు తమ వైపే ఉందంటారు. ఎస్సై తనకు తోచినట్టు చెబుతాడు. ఆ తర్వాత కంటెంప్ట్ కేసు వస్తుంది. 1971 చట్టం కింద కోర్టు ధిక్కారానికి ఆరు నెలల దాకా సాధారణ జైలు, రెండు వేల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. చదువుకోలేని కాగితాన్ని పాటించలేదని ఒక రైతును బోనులో నిలబెట్టడం సరైందేనా అని నేను ఈ లేఖ ద్వారా మిమ్మల్ని అడుగుతున్నాను. ఉద్దేశపూర్వకంగా ఉల్లంఘిస్తేనే ధిక్కారం అంటుంది చట్టం. అర్థమైతే కదా ఉద్దేశం ఉందో లేదో తేలేది.

సివిల్ కేసుల్లో నష్టం నెమ్మదిగా జరుగుతుంది, అందుకే ఎవరికీ కనబడదు. పార్టిషన్, అంటే ఆస్తి పంపకాల కేసులు చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో 1985 నుంచే పెళ్లికాని ఆడపిల్లలకు పుట్టుకతో వాటా ఇచ్చాం. 2005లో కేంద్ర చట్టం అందరు కూతుళ్లకూ ఇచ్చింది. 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, 2005 సవరణ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని తేల్చింది. ఆ తర్వాత అన్నల మీద కేసు వేసే ధైర్యం చాలామంది ఆడవాళ్లకు వచ్చింది. ఏళ్లకేళ్లు తిరిగి, కింది కోర్టులో ప్రిలిమినరీ డిక్రీ తెచ్చుకుని, అన్నలు వేసిన అప్పీలు హైకోర్టులో కొట్టేస్తే, ఆ అక్కచెల్లెళ్లు స్వీట్లు పంచుతారు. పంచుకోవాల్సిందే. కానీ చేతికి వచ్చింది వాటా ఎంతో చెప్పే డిక్రీ, భూమి కాదు. మళ్లీ కింది కోర్టులో ఫైనల్ డిక్రీ పిటిషన్ వేయాలి. అడ్వకేట్ కమిషనర్ వచ్చి హద్దులు కొలవాలి. స్టాంపు పేపర్ల మీద ఫైనల్ డిక్రీ ఎక్కాలి. స్వాధీనం ఇవ్వకపోతే డిక్రీ అమలు కోసం ఈపీ అనే పిటిషన్ వేయాలి. ఇదంతా ఉందని తెలియక, హైకోర్టు చెప్పింది కదా ఇక అన్నే ఇస్తాడని ఎదురుచూస్తూ కూర్చున్నవాళ్లను చూశాను. ఆ లోపు ఆ భూమి ప్లాట్లయిపోతుంది. కొన్నవాళ్లు కొత్తగా కేసులోకి వస్తారు.

సెకండ్ అప్పీలులో ఇంకో రకం బాధ. అక్కడ నష్టం కంటే అపార్థం ఎక్కువ. సివిల్ ప్రొసీజర్ చట్టం, అదే సీపీసీ, సెక్షన్ 100 ప్రకారం చట్టానికి సంబంధించిన గట్టి ప్రశ్న ఉంటేనే హైకోర్టు సెకండ్ అప్పీలు వింటుంది. ఎవరు ఎప్పటి నుంచి సాగు చేస్తున్నారు, ఏ సాక్షి నిజం చెప్పాడు అన్నవి కింది రెండు కోర్టులు తేల్చాక మళ్లీ తవ్వదు. ఇది కక్షిదారుడికి ఎవరూ చెప్పరు. అప్పీలు అడ్మిషన్ దగ్గరే పోతే, "పట్నం పెద్ద కోర్టు కూడా మా మాట ఇనలే" అని వెళ్లిపోతాడు. ఎదుటివాళ్లు డబ్బు ఇచ్చారని అనుమానిస్తాడు. ఆ అనుమానం ఊళ్లో పదిమందికీ అంటుతుంది. మీరు తీర్పులో కారణం రాశారు, శ్రద్ధగానే రాశారు. అది చేరాల్సిన మనిషికి చేరలేదు. కోర్టుల మీద జనానికి నమ్మకం ఎందుకు తగ్గుతోందని సభల్లో మాట్లాడుకుంటాం. నేను చూసినంతవరకు చాలామంది నమ్మకం పోగొట్టుకునేది తీర్పు తప్పని కాదు, తీర్పులో కారణం ఏమిటో తెలియక.

రిమాండ్ గురించి ఎక్కువ చెప్పను. కేసు కింది కోర్టుకు తిరిగి పంపినప్పుడు కక్షిదారులు అక్కడ ఏ రోజు హాజరు కావాలో తేదీ పెట్టాలని సీపీసీ ఆర్డర్ 41లోనే ఉంది. మీరు పెట్టిన ఆ తేదీ ఆ మనిషికి తెలియాలి, అంతే.

ఇక జైల్లో ఉన్నవాళ్లు. వీళ్ల గురించి రాస్తుంటే చేయి బరువెక్కుతుంది. చర్లపల్లిలోనో చంచల్‌గూడలోనో ఉన్న ఖైదీ అప్పీలు మీద తీర్పు వస్తుంది. హత్యకు 302 కింద పడిన శిక్షను, హత్య కిందికి రాని ప్రాణనష్టానికి వర్తించే 304 పార్ట్ 2కి మార్చారనుకుందాం. యావజ్జీవం పోయి కొన్నేళ్ల శిక్ష అయింది. సీఆర్‌పీసీ 428 సెక్షన్ కింద విచారణ ఖైదీగా ఉన్న రోజులు కూడా అందులోంచి తీసేయాలి. అంటే అతను బయటికి వచ్చే రోజు ఎప్పుడో ఆ కాగితంలోనే ఉంది. ములాఖత్‌కు వచ్చిన భార్య అడుగుతుంది, ఎన్ని దినాలు ఉన్నయని. అతనికి తెలియదు, ఆమెకు తెలియదు. ఇద్దరూ నన్ను అడుగుతారు. ఇంకో సంగతి. జీవిత ఖైదు పడి, అప్పీలు తేలక, ఐదేళ్లు జైల్లో గడిపినవాళ్లకు కొన్ని షరతుల మీద బెయిల్ ఇవ్వవచ్చని 2016లో అప్పటి ఉమ్మడి హైకోర్టు ధర్మాసనమే చెప్పింది. గొప్ప తీర్పు అది. పేదవాడి మీద దయతో, చట్టం మీద గౌరవంతో రాసిన తీర్పు. అది ఎవరి కోసం రాశారో ఆ ఖైదీల ఇళ్లలో ఎంతమందికి దాని సంగతి తెలుసు?

క్రిమినల్ కేసుల్లో చట్టమే ఈ దారి చూపింది. ముద్దాయి అడిగితే తీర్పు కాపీని, అతను కోరితే వీలైనంతవరకు అతని భాషలో అనువాదాన్ని, ఆలస్యం లేకుండా ఇవ్వాలని సీఆర్‌పీసీ 363లో ఉండేది. బీఎన్‌ఎస్‌ఎస్ 404లోనూ ఉంది. 'వీలైతే' అన్న మాట ఉండడంతో ఎవరూ అడగడం లేదు, ఎవరూ ఇవ్వడం లేదు. అడగవచ్చని ముద్దాయికి తెలియదు. ఆ సెక్షన్ కూడా ఇంగ్లీషులోనే ఉంది మరి.

ఇక్కడ నన్ను బాగా కలచివేసే విషయం ఒకటి చెప్పాలి. కక్షిదారుడి కాగితాలు కోర్టుకు రావాలంటే ఇంగ్లీషులోకి మారాలి. తెలుగులో ఉన్న సేల్ డీడ్లు, పంచనామాలు, ఉర్దూలో ఉన్న సేత్వార్లు, ఖాస్రా పహాణీలు లాంటి పాత భూమి రికార్డులు, అన్నింటికీ అనువాదం కావాలి. లేదంటే అనువాదం నుంచి మినహాయింపు ఇవ్వమని వేరే పిటిషన్ వేయాలి. ఆ ఖర్చు కక్షిదారుడిదే. కింది కోర్టులో అతను తెలుగులో చెప్పిన సాక్ష్యం కూడా చాలాచోట్ల ఇంగ్లీషులోనే రికార్డయి మీ ముందుకు వస్తుంది. అతని వైపు నుంచి వచ్చే ప్రతి మాటనూ కోర్టుకు అర్థమయ్యేలా మార్చి తెస్తాడు. కోర్టు నుంచి అతనికి వెళ్లే ఒక్క మాట కూడా అతనికి అర్థమయ్యేలా మారి వెళ్లదు. ఇది న్యాయం కాదని నా మనవి.

ఆ పెద్ద చర్చ సంగతి ఇప్పుడు చెబుతాను. రాజ్యాంగంలోని 348వ అధికరణం ప్రకారం హైకోర్టు వ్యవహారాలు ఇంగ్లీషులో జరగాలి. రాష్ట్రపతి ముందస్తు అనుమతితో గవర్నర్ ఆ రాష్ట్ర అధికార భాషను కూడా కోర్టు వ్యవహారాల్లో అనుమతించవచ్చు. తీర్పుల కోసం 1963 అధికార భాషల చట్టంలో ఇంకో సెక్షన్ ఉంది. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, బిహార్ హైకోర్టుల్లో హిందీకి ఇలా అనుమతి దొరికింది. తమిళనాడు తమిళం కోసం అడిగితే దొరకలేదు. తెలుగుకూ దొరకాలని కోరేవాళ్లలో నేనూ ఒకడిని. అది ఢిల్లీలో తేలాలి, ఎప్పటికి తేలుతుందో చెప్పలేం. నేను అడిగే ఒక్క పేజీకి రాష్ట్రపతి అనుమతి అక్కర్లేదు, పార్లమెంటు చట్టం అక్కర్లేదు. అది తీర్పు కాదు, డిక్రీ కాదు. తీర్పు ఏం చెప్పిందో తెలియజేసే కాగితం. మీ పరిపాలనా విభాగం ఒక సర్క్యులర్‌తో మొదలుపెట్టవచ్చు.

మీ కోర్టు అంతకంటే పెద్ద అడుగే ఒకసారి వేసింది. 2023 జూన్‌లో జస్టిస్ పి. నవీన్‌రావు, జస్టిస్ నగేశ్ భీమపాక గార్ల ధర్మాసనం మచ్చబొల్లారం భూమి గురించిన ఒక కుటుంబ వివాదంలో తెలుగులో తీర్పు ఇచ్చింది. కేరళ హైకోర్టు మలయాళంలో తీర్పులు వెలువరించింది కూడా ఆ ఏడాదే. ఆ రోజు మా గుమస్తాల్లో ఆ తీర్పు ప్రింటు తీసుకుని చదవనివాళ్లు లేరు. వీలునామా చెల్లుతుందా లేదా అన్న చర్చ తెలుగులో అంత స్పష్టంగా సాగుతుందని చూసి సంతోషపడ్డాం. మన భాషకు ఆ శక్తి ఉందని రుజువైంది. సుప్రీంకోర్టు కూడా 2019 నుంచి తన తీర్పులకు ప్రాంతీయ భాషల్లో అనువాదాలు పెడుతోంది, మొదలుపెట్టిన భాషల్లో తెలుగు ఉంది. ఆ అనువాదాల మీద, ఇది కక్షిదారుడు తన భాషలో అర్థం చేసుకోవడానికి మాత్రమే, మిగతా అన్నింటికీ ఇంగ్లీషు ప్రతే ప్రామాణికం అని రాసి ఉంటుంది. నేను అడిగే పేజీ మీద కూడా ఆ మాటే రాయించవచ్చు. 2022లో స్టేట్ బ్యాంకుకు, ఒక ఉద్యోగికి మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు, తీర్పు ఎవరి జీవితాన్ని తాకుతుందో వాళ్లకు అది అర్థం కావాలని చెప్పింది. ఇంగ్లీషు తెలిసినవాళ్లకే అర్థం కాని తీర్పు గురించి చెప్పిన మాట అది. ఇంగ్లీషే తెలియనివాళ్ల సంగతి ఏం చెప్పాలి?

మూసీ ఒడ్డున ఉన్న మీ భవనం 1920లో తెరుచుకుంది. అప్పటి కోర్టు భాష ఉర్దూ, దానికి ముందు ఫారసీ. తెలంగాణ పల్లెల రైతుకు ఆ రోజుల్లోనూ తీర్పు ఎవరో ఒకరు చదివి చెప్పాల్సిందే. భవనం తెరిచిన మరుసటి ఏడాది, 1921 నవంబరులో, నదికి అవతల వివేకవర్ధని ఆవరణలో జరిగిన సంఘ సంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు లాంటి వకీళ్లు దాన్ని నడిపారు. నూరేళ్లు దాటింది. రాజ్యం మారింది, రాష్ట్రం రెండుసార్లు మారింది, 2019 జనవరి 1 నుంచి తెలంగాణకు సొంత హైకోర్టు వచ్చింది. కోర్టు భాష ఫారసీ నుంచి ఉర్దూకు, ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మారింది కానీ, పల్లె మనిషి చదవగలిగే భాషకు మాత్రం వంతు రాలేదు. ఇంగ్లీషు మీద కోపంతో ఈ మాట అనడం లేదు. మా పిల్లలను మేమూ ఇంగ్లీషు మీడియంలోనే చదివిస్తున్నాం.

మీకు వచ్చే సందేహాలు నేను ఊహించగలను. మొదటిది టైము. న్యాయమూర్తుల పోస్టులను 2021లో 24 నుంచి 42కి పెంచినా కుర్చీలన్నీ నిండలేదు, ఫైళ్లు తగ్గలేదు. తీర్పు డిక్టేట్ చేయడానికే రాత్రిళ్లు సరిపోనప్పుడు ఇంకో పేజీ ఎవరు రాయాలి? న్యాయమూర్తి రాయనక్కర్లేదు. ప్రతి న్యాయమూర్తి దగ్గరా లా క్లర్కులు ఉంటారు, కోర్టులో అనువాదకులు ఉన్నారు. మొదటి ముసాయిదా వాళ్లు రాస్తే, న్యాయమూర్తి ఒకసారి చూసి సరేనంటే చాలు. కంప్యూటర్ అనువాదానికి వదిలేయవద్దని మాత్రం చేతులు జోడించి కోరుతున్నాను. ముసాయిదాకు వాడుకోండి, కానీ చివర ఒక మనిషి చదవాలి. 'అనుమతించడమైనది' అనాల్సిన చోట 'తిరస్కరించడమైనది' అని పడితే ఒక ఇల్లు తలకిందులవుతుంది.

రెండోది, ఆ పేజీలో ఒకటి, తీర్పులో ఒకటి ఉందని కక్షిదారులు కొత్త గొడవ పెడతారేమోనన్న భయం. ఆ భయం న్యాయమైనదే. అందుకే పేజీ చిన్నదిగా ఉండాలంటున్నాను. అందులో చట్ట చర్చ ఉండకూడదు, కేసుల సైటేషన్లు ఉండకూడదు. బ్రిటన్ సుప్రీంకోర్టు ప్రతి తీర్పుతో పాటు చిన్న సారాంశం విడుదల చేస్తుంది, అది తీర్పులో భాగం కాదని దాని మీదే రాస్తుంది. దానివల్ల అక్కడి తీర్పుల బలం తగ్గలేదు. అయినా, ఇప్పుడు జనం నమ్ముకుంటున్నది ఏమిటి? నాలాంటి గుమస్తా ఫోన్‌లో చెప్పిన మాట. దానికంటే కోర్టు ముద్ర ఉన్న పేజీ నయం కదా.

ఆ పేజీ ఎలా ఉండాలో నాకు తోచింది చెబుతాను. దయచేసి మనుషులను పేర్లతో రాయించండి. తీర్పుల్లో ఒకరు మూడో అప్పీలుదారు, ఇంకొకరు ఐదో ప్రతివాది, ఇంకొకరు ఆర్-2. కింది కోర్టులో ప్రతివాది అయినవాడు పైకోర్టులో అప్పీలుదారు అవుతాడు. తన తీర్పులో తాను ఎక్కడున్నాడో ఆ మనిషి వెతుక్కోలేడు. మైనర్లు, అత్యాచార బాధితుల విషయంలో పేర్లు దాచాలి, అది వేరు. సర్వే నంబరు, ఊరు, ఎకరాలు, గుంటలు రాయించండి. తేదీలు రాయించండి. గ్రాంథిక పదాలు వద్దు. స్టే, బెయిల్, అప్పీలు, డిక్రీ లాంటి మాటలు పల్లెల్లో అందరికీ తెలుసు, వాటికి కొత్త తెలుగు పదాలు కట్టే పని లేదు. కేసు మీ కోర్టులో పూర్తిగా ముగిసి ఉంటే, సుప్రీంకోర్టుకు వెళ్లాలనుకునేవాళ్లకు మామూలుగా తొంభై రోజుల గడువు ఉంటుందని చివర ఒక వాక్యం రాయించండి. వకీలు ఫీజు కట్టే స్థోమత లేనివాళ్లకు హైకోర్టు న్యాయ సేవల కమిటీ ఎక్కడుందో చెప్పండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, పిల్లలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు 1987 చట్టం కింద ఆదాయంతో పని లేకుండా ఉచిత సహాయం ఉందన్నది కూడా రాయించండి. ఇది తెలియక అప్పు చేసి వకీలును పెట్టుకునే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

పాతబస్తీ కక్షిదారుల్లో చాలామందికి తెలుగు పేజీ కూడా అక్కరకు రాదు, వాళ్లకు ఉర్దూ కావాలి. 2017 నుంచి ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష. అడిగినవాళ్లకు ఉర్దూలో ఇవ్వడం న్యాయం.

పేజీ ఎలా చేరాలన్నది పెద్ద సమస్య కాదు. 2022 జూన్ 2 నుంచి 33 జిల్లాలకూ జిల్లా కోర్టులు వచ్చాయి. ఆన్‌లైన్‌లో తీర్పు పెట్టిన చోటే దీన్నీ పెట్టి, జిల్లా కోర్టుల్లో ప్రింటు తీసి ఇచ్చే ఏర్పాటు చేస్తే ఆసిఫాబాద్ నుంచి గానీ అచ్చంపేట నుంచి గానీ ఎవరూ హైదరాబాద్ బస్సు ఎక్కనక్కర్లేదు. జైల్లో ఉన్నవాళ్లకు సూపరింటెండెంటు ద్వారా పంపి, చదవడం రానివాళ్లకు చదివి వినిపించమని ఆదేశించండి. రాజేంద్రనగర్‌లో వంద ఎకరాల్లో కొత్త హైకోర్టుకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. అక్కడ కక్షిదారులు కూర్చునే చోటు, వాళ్లకు తెలుగులో చెప్పే కౌంటర్ ఉంటాయని ఆశ పడుతున్నాను. కానీ ఈ పేజీ కోసం ఆ భవనం పూర్తయ్యేదాకా ఆగాల్సిన పని లేదు.

అన్ని కేసులకూ ఒకేసారి కుదరదని తెలుసు. జైల్లో ఉన్నవాళ్ల క్రిమినల్ అప్పీళ్లతో మొదలుపెట్టండి. ఆ తర్వాత 41ఏ ఆదేశంతో ముగిసే క్రిమినల్ పిటిషన్లు తీసుకోండి. వాటిలో ఆర్డర్ దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి ఒక ఫారం తయారు చేస్తే పేర్లు, కేసు నంబర్లు నింపితే సరిపోతుంది. ఆ తర్వాత స్టేటస్ కో ఉత్తర్వులు, పార్టిషన్ అప్పీళ్లు. సిటీ సివిల్ కోర్టు నుంచి వచ్చే అప్పీళ్లు (సీసీసీఏలు), మోటారు ప్రమాదాల అప్పీళ్లు ఆ వెనక రావచ్చు. ప్రమాదాల కేసుల్లో పెంచిన పరిహారం ట్రిబ్యునల్‌లో డిపాజిట్ అయ్యాక పిటిషన్ వేసుకుని తీసుకోవాలి, ఆ సంగతి తెలియక డబ్బు అక్కడే ఉంచేసిన వితంతువులు ఉన్నారు. కంపెనీల మధ్య కేసులకు, పన్ను కేసులకు ఈ పేజీ ఇప్పట్లో అక్కర్లేదు. వాళ్లకు ఇంగ్లీషు చదివి చెప్పేవాళ్లు ఉన్నారు.

పని మొదలుపెడితే ఆ ముసాయిదాలు కక్షిదారులకు అర్థమవుతున్నాయో లేదో చూసి చెప్పడానికి గుమస్తాలం మేం సిద్ధంగా ఉన్నాం. కోర్టు అయ్యాక సాయంత్రాలు వస్తాం, జీతం అడగం. ఏ వాక్యం దగ్గర జనం తడబడతారో మాకు తెలుసు, వాళ్ల ఫోన్లు ఎత్తేది మేమే కాబట్టి. మా దగ్గర పాత ఆర్డర్ల కాపీలు ఉన్నాయి. పేర్లు తీసేసి, ఏ ఆర్డర్‌ను ఎవరు ఎలా అపార్థం చేసుకున్నారో పక్కన రాసి రిజిస్ట్రీకి అందజేయగలం. ఎవరిని కలవాలో, ఏ రోజు రావాలో రిజిస్ట్రార్ గారి ద్వారా తెలియజేస్తే వచ్చి కలుస్తాం.

ఇట్లు
మీ విధేయుడు
ఒక అడ్వకేట్ గుమస్తా
హైదరాబాద్